నలుగురి మాట

గత వేసవిలో మా సంఘమునందు ప్రహరీగోడ పని జరిగెను. చాలకాలముగా వాయిదాపడుచు వచ్చిన పని యది. పశువులు మందిరపు ఆవరణలోనికి వచ్చుచున్నవనియు, రాత్రివేళ త్రాగుబోతులు అరుగుమీద చేరుచున్నారనియు అందరును సణుగుకొనుచుండిరి. కోతపండుగ కానుకలు కొంచెము ఎక్కువగా వచ్చిన సంవత్సరము చూచి కమిటీవారు ధైర్యము చేసిరి. మేస్త్రీ పొరుగూరివాడు, కూలివారు చాలవరకు మన సంఘస్థులే. మగవారికి దినమునకు 600 రూపాయలు, ఆడవారికి 400 రూపాయలు అని నిర్ణయించితిమి. ‘నిర్ణయించితిమి’ అని వ్రాయుటనుబట్టి ఆ బల్లయొద్ద మేమును కూర్చుండియుంటిమని చదువరులు గ్రహింతురు. నిజమునకు అక్కడ నిర్ణయమనదగినది ఏదియు జరుగలేదు. ఒకరు అంకె చెప్పిరి, మిగిలినవారము తల ఊపితిమి, కార్యదర్శి పుస్తకములో వ్రాసికొనెను. తరువాత సున్నము ధరనుగూర్చి అరగంట వాదించుకొంటిమి.

శనివారము సాయంకాలము కూలి పంచుచుండగా, ఆ పనివారిలో అందరికంటె పెద్దదియైన ఒక తల్లి, అరువది దాటిన విధవరాలు, తలమీది చుట్టకుదురు తీసి చంకలో పెట్టుకొని కోశాధికారి యెదుట నిలిచెను.

“అయ్యగారూ, తప్పుగా అనుకోకండి, తెలియక అడుగుతున్నాను. ఆడదాని తలమీద పెడితే ఇటుక బరువు తగ్గుతుందా?”

మా కోశాధికారి మంచివాడు. నవ్వెను. “అది కాదు పెద్దమ్మా, ఊరంతా ఇచ్చేదే మనమూ ఇస్తున్నాం. కాస్త ఇంగితం ఉన్నవాళ్లెవరైనా ఇంతే ఇస్తారు” అనెను. ఆమె మరి మాటలాడక డబ్బు కొంగున ముడివేసికొని పోయెను.

ఆ రాత్రి మాకు అన్నము సహింపలేదని వ్రాసినయెడల అది అబద్ధమగును. అన్నము తింటిమి, నిద్రయు పట్టెను. అయితే ఆ రెండు మాటలు, ఆమె అడిగినదియు ఆయన చెప్పినదియు, మమ్మును విడువలేదు. ఏలయనగా ఇద్దరును ఒకే న్యాయస్థానమునకు పోయిరి. ఆమె చెప్పినదియు ఇంగితమే. ఇటుక బరువు ఇటుకలో ఉండును గాని మోయువారిలో ఉండదు. ఆయన చెప్పినదియు ఇంగితమే. ఊరు నడచు తీరును ఎరిగి నడచుకొనుమని. ఈ రెంటిలో ఏది అసలైనది?

మన భాషలో ఈ సంగతికి రెండు మూడు మాటలు గలవు. ఇంగితము అనగా మొదట సైగ, మనస్సులోని అభిప్రాయమును బయలుపరచు చేష్ట. విడమరచి చెప్పనక్కరలేకుండ గ్రహించువాడు ఇంగితజ్ఞుడు. లోకజ్ఞానము అనగా లోకము నడచు తీరు తెలిసియుండుట. ఇంగ్లీషువారి కామన్ సెన్స్ అను మాట ఇప్పుడు మన పొలముగట్లమీదికి సహా వచ్చియున్నది; అందరికిని ఉమ్మడియైన తెలివి అని దాని భావము, ఉమ్మడి బావి, ఉమ్మడి చెరువు అన్నట్లే. కాని పల్లెలో మనము దినదినము నిజముగా వాడునది వేరొక మాట. నలుగురు. నలుగురు ఏమనుకొందురు? నలుగురు నడచిన బాట. నలుగురితో పాటు నారాయణ. పెండ్లి మొదలుకొని పాడెవరకు మనలను నడిపించువారు ఈ నలుగురే. వారి పేర్లు ఏమని ఎవరును ఎన్నడును అడుగలేదు.

ఈ ఉమ్మడి తెలివికి ఎంత అధికారము గలదు అను ప్రశ్నను మన ఊరు క్రొత్తగా పుట్టించలేదు. రమారమి 300 సంవత్సరముల క్రిందట స్కాట్లాండు దేశములో ఒక పల్లెటూరి పాదిరి దీనితో పెనుగులాడెను. ఆయన పేరు థామస్ రీడ్. 1710లో పాదిరి ఇంట పుట్టి, 1737లో అబర్డీను పట్టణమునకు చేరువనున్న న్యూమాకర్ అను గ్రామ సంఘమునకు కాపరిగా పంపబడెను. పంపబడెను అనుటయే అక్కడి తగవు. ఆ దినములలో స్కాట్లాండునందు అనేక సంఘములకు కాపరిని ఏర్పరచు హక్కు సంఘస్థులది కాదు. దానికొక పోషకుడు ఉండెడివాడు, సాధారణముగా భూస్వామి. ఆ గ్రామమునకు ఆ హక్కు అబర్డీనులోని కింగ్స్ కళాశాలవారిది. అడుగకుండ తమమీద పెట్టబడిన మనిషిని న్యూమాకరువారు కోపముతో ఎదుర్కొనిరి. ఆయనను నీటిగుంటలో ముంచిరనియు, ఆయన ప్రసంగించుచుండగా పినతండ్రి కత్తి దూసి మెట్లయొద్ద కావలి కాచెననియు అక్కడివారు చెప్పుకొనెడివారు. పైగా ఆయన మొదటి సంవత్సరములలో బిడియముచేత స్వంత ప్రసంగములు చెప్పలేక ఇతరుల అచ్చు ప్రసంగములు చదివెడివాడట. (ఇది చదివి మన కాపరులలో కొందరు ఊరట పొందుదురేమో.) అయినను 14 సంవత్సరములు వారితో కాపురముండి, 1751లో ఆయన కళాశాల బోధకుడుగా వెళ్లిపోవునప్పుడు, రాకకు వ్యతిరేకముగా పోరాడినవారే పోకకు వ్యతిరేకముగా పోరాడదగినంత ప్రేమించిరని వారి మాటగా నిలిచియున్నది.

ఆ గ్రామములో ఉండగనే ఆయన ఒక పుస్తకము చదివెను. డేవిడ్ హ్యూమ్ అను స్వదేశపు పండితుడు 1739, 1740లలో అచ్చు వేయించినది. అప్పటి తత్త్వశాస్త్రజ్ఞులు ఒక సూత్రమును పట్టుకొనియుండిరి. మనము చెట్టును చూచునప్పుడు మనకు తెలియునది చెట్టు కాదట, మనస్సులో ఏర్పడిన చెట్టు బొమ్మ మాత్రమేనట. హ్యూమ్ ఆ సూత్రమును చివరివరకు నడిపించెను. బొమ్మలే మనకు తెలిసినయెడల బొమ్మల వెనుక చెట్టున్నదని ఎట్లు రుజువు చేయుదువు? నిన్నటి నేనును నేటి నేనును ఒకడే యని ఎట్లు రుజువు చేయుదువు? నిప్పు నిన్న కాల్చెను గనుక రేపును కాల్చునని ఎట్లు చెప్పగలవు? రుజువు దొరకలేదు. హ్యూమ్ నిజాయితీపరుడు; తాను స్నేహితులతో కలిసి భోజనము చేసి పాచికలాట ఆడునప్పుడు ఈ సందేహములు తనకే నవ్వు పుట్టించునని ఆ పుస్తకములోనే ఒప్పుకొనెను.

రీడ్ ఆ ఒప్పుకోలును గట్టిగా పట్టుకొనెను. బండివాడు, రైతు, పసిపిల్ల, పండితుడు, అందరును ఆడునది ఒకే నేలమీద. గదిలో కూర్చుండి నేల లేదని వాదించినవాడు సహా గుమ్మము దాటునప్పుడు తల వంచును, గోడలోనుండి పోడు. కన్నులను, జ్ఞాపకమును, ఎదుటి మనిషి సాక్ష్యమును నమ్ముట అనునది వాదమువలన మనము సంపాదించుకొన్న ముగింపు కాదు. ఏ వాదమైనను బయలుదేరవలసిన చోటు. పునాదిని చూపుమని ఇంటికప్పును అడుగరు గదా. ఈ మాటలు మావి, భావము ఆయనది. 1764లో ఆయన ఇంగిత సూత్రములనుబట్టి మానవ మనస్సును పరిశోధించు గ్రంథమును ప్రకటించెను. అచ్చుకు ముందే వ్రాతప్రతిని హ్యూమునకు చూపించెను; ఎవనిని ఖండించెనో వానికే తాను శిష్యుడనని ఉత్తరము వ్రాసెను. తగవులాడు పద్ధతి మన కమిటీలు వారియొద్ద నేర్చుకొనవచ్చును.

ఇందులో సామాన్య మనిషికి గొప్ప గౌరవము గలదని గమనింపుడి. సత్యము పండితుల పెట్టెలో తాళము వేయబడియున్నది కాదు. అంతకంటె ముఖ్యముగా, మంచి చెడ్డల సంగతి. 1788లో ప్రకటించిన గ్రంథములో రీడ్ నీతికి మూలములైన కొన్ని సూత్రములను చెప్పి, వాటిని తెలిసికొనుటకు పెద్ద చదువు అక్కరలేదనెను. ఎదుటివాడు మన స్థితిలోను మనము అతని స్థితిలోను ఉన్నయెడల అతడు ఏమి చేయుట న్యాయమని మనము తీర్పు చెప్పుదుమో అదియే ఇప్పుడు మనము అతనికి చేయవలెను, అనునది వాటిలో ఒకటి. మత్తయి 7వ అధ్యాయములోని ప్రభువు ఆజ్ఞను ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు. అయితే ఆ తెలివి మనలో పుట్టుకతోనే పంటగా ఉండదనియు, విత్తనముగా ఉండుననియు, సేద్యము లేనియెడల కలుపులో మునుగుననియు ఆయన చెప్పెను. ఈ చివరి మాటను చాలమంది మరచిపోవుదురు.

ప్రభువును తరచుగా ఇట్లే వాదించుట సువార్తలలో చూచుచున్నాము. లూకా 13వ అధ్యాయములో 18 ఏండ్లు నడుము వంగిపోయిన స్త్రీని ఆయన విశ్రాంతిదినమున స్వస్థపరచగా సమాజమందిరపు అధికారి మండిపడెను. ఆయన ధర్మశాస్త్రమునుండి వచనములు ఎత్తి చూపలేదు. మీలో ప్రతివాడును విశ్రాంతిదినమున ఎద్దునైనను గాడిదనైనను గాటనుండి విప్పి నీళ్లకు తోలుకొనిపోవుట లేదా అని అడిగెను. పశువును మేపిన ప్రతివానికిని ఆ ప్రశ్న తగిలెను. నీ చేతులకు తెలిసిన దానిని నీ నోరు ఎందుకు కాదనుచున్నది అని దాని తాత్పర్యము. దానికి కొంచెము ముందు 12వ అధ్యాయము చివరను, మబ్బునుబట్టి వాన, గాలినిబట్టి ఎండ గుర్తించు మీరు ఏది న్యాయమో మీ అంతట మీరే ఏల విమర్శించుకొనరు అని ఆయన జనసమూహమునే అడిగెను. శాస్త్రులను కాదు, జనసమూహమును. మా పెద్దమ్మ అడిగినదియు ఆ వరుసలోని ప్రశ్నయే యని మాకు తోచుచున్నది. నడుము వంచి బరువు మోయు స్త్రీలనుగూర్చినదే ఆ అధ్యాయము సహా.

ఇట్టి ప్రశ్న రాజ్యములను సైతము కదలించినది. థామస్ పెయిన్ అను ఇంగ్లీషువాడు, ఆడువారి బిగుతు రవికలు కుట్టు పనివాని కుమారుడు, తానును ఆ పనియే నేర్చినవాడు, 1774లో అమెరికాకు వెళ్లి, 1776 జనవరిలో ఫిలడెల్ఫియా పట్టణమున ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. దాని పేరే కామన్ సెన్స్. ఆ పేరు పెట్టుమని సలహా చెప్పినవాడు బెంజమిన్ రష్ అను వైద్యుడు, స్కాట్లాండులో చదువుకొని వచ్చినవాడు. తండ్రి రాజైనందున కుమారుడు రాజగుట ఏమి న్యాయము? ఒక ద్వీపము ఒక ఖండమును ఎల్లకాలము ఏలుట ఏమి పొందిక? అని ఆయన అడిగెను. ఇశ్రాయేలీయులు తమకు రాజు కావలెనని సమూయేలును అడిగిన సంగతిని ఆయన పుటలకు పుటలు ఎత్తి చూపెను. (కొన్ని సంవత్సరములకు ఈయనయే బైబిలుపై విరోధముగా వ్రాసెను, అయినను ఆ అధ్యాయమును ఆయన చదివిన తీరు తప్పని చెప్పలేము.) రాజు ఉండుట అను సంగతి అంతవరకు లోకజ్ఞానమే. నలుగురును ఒప్పుకొన్నదే. ఆరు నెలలలో అమెరికావారు స్వాతంత్ర్య ప్రకటన చేసిరి.

ఇంతవరకు కథ ఇంగితము పక్షమున నడచినది. ఇక రెండవ పక్షమునకు వత్తము, మాకు ఇదియే కష్టమైన భాగము.

ఆ స్వాతంత్ర్య ప్రకటనమీద సంతకము చేసినవారిలో జాన్ విదర్‌స్పూన్ అను పాదిరి ఒకడు. స్కాట్లాండునుండి 1768లో ప్రిన్స్‌టన్ కళాశాలకు అధ్యక్షుడుగా వెళ్లినవాడు. రీడ్ మొదలగువారి ఇంగిత తత్త్వమును అమెరికా యౌవనులకు బోధించి స్థిరపరచినవారిలో ముఖ్యుడు. ఆయన ఇంట బానిసలు ఉండిరి. మనుష్యులందరు సమానులుగా సృజింపబడిరని చెప్పు కాగితమునకు సంతకము చేసిన చేయి, ఇంటికి వచ్చి బానిస తెచ్చిన నీళ్లతో కడుగుకొనెను. ఆయన దుర్మార్గుడని చెప్పుటకు ఇది వ్రాయుటలేదు. ఆ ఊరిలో నలుగురును అట్లే చేయుచుండిరి.

మరియొకటి. సందేహవాదియైన హ్యూమ్, నిప్పు కాల్చుననుటకు సహా రుజువు అడిగినవాడు, 1753లో తన వ్యాసమొకదానికి చేర్చిన అడుగు వివరణలో నల్లజాతివారు తెల్లవారికంటె స్వభావముచేతనే తక్కువవారని తనకు తోచుచున్నదని వ్రాసెను. దానికి ఆయన రుజువు అడుగలేదు. ఇంగిత తత్త్వము చెప్పు అబర్డీనువాడైన జేమ్స్ బీటీ 1770లో దానిని గట్టిగా ఖండించెను. చదువునకు, స్వేచ్ఛకు, అవకాశమునకు దూరము చేయబడిన జనమునుగూర్చి ఇట్టి తీర్పు చెప్పుటకు ఏ ఆధారము గలదని ఆయన అడిగెను. మహా తార్కికుడు పొరబడిన చోట ఇంగితమును నమ్మినవాడు సరిగా చూచెను. అదే ఇంగితమును బోధించిన విదర్‌స్పూన్ తన ఇంటిలో దానిని చూడలేదు. గనుక ఇంగితమను పేరు పెట్టుకొన్నంత మాత్రముచేత ఎవడును కాపాడబడడు.

ఇమ్మానుయేల్ కాంట్ అను జర్మను తత్త్వజ్ఞుడు ఈ అపాయమును కనుగొనెను. వాదములో ఇంకేమియు తోచనప్పుడు ‘ఇది అందరికి తెలిసినదే’ అని చెప్పి నోరు మూయించుట సులభమని 1783లో ఆయన రీడ్, బీటీలను ఎత్తిపొడిచెను. కొంచెము అన్యాయపు ఎత్తిపొడుపే. అయినను మన కమిటీ బల్లకు సరిగ్గా సరిపోవును. ఆయనయే 1790లో మరియొక గ్రంథమునందు ఉమ్మడి తెలివికి మూడు నియమములు చెప్పెను: నీవే ఆలోచింపుము; ప్రతి ఇతరుని స్థానమునందు నిలిచి ఆలోచింపుము; నీతో నీవు విరోధపడకుండ ఆలోచింపుము. రెండవదియే మూడింటిలో మాకు ప్రాణముగా కనబడుచున్నది. ఉమ్మడి అని పేరు పెట్టవలెనన్న, ఆ తీర్పువలన బాధపడువాడు సహా కూర్చుండి చూచినప్పుడు అది నిలువవలెను. కాంట్ మాత్రము 1764లో హ్యూమ్ వ్రాసిన ఆ అడుగు వివరణనే ఎత్తి నల్లజాతివారిని తక్కువ చేసి వ్రాసియుండెను. కొలబద్ద చేసినవాడు దానితో తన్ను కొలుచుకొనుట మరచుట క్రొత్త సంగతి కాదు, మనలో లేని సంగతియు కాదు.

మనకు దగ్గరగా జరిగినదొకటి చెప్పుదుము. 1866లో అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌదొర ఒంగోలు చేరెను. కొలది కాలములోనే మాదిగలు సువార్తను అంగీకరించి రాసాగిరి. పై కులములవారు, అంతవరకు స్నేహముగా ఉండి పిల్లలను బడికి పంపినవారు, వీరిని చేర్చుకొన్నయెడల మేము రాము అనిరి. ఆ దినములలో లోకజ్ఞానము ఎరిగిన ఎవరైనను ఏమి చెప్పుదురో ఆలోచింపుడి. ముందు పెద్దలను సంపాదించుము, వారి వెనుక ఊరంతయు వచ్చును. చిన్నవారిని ముందు తెచ్చినయెడల తలుపు మూసికొన్నట్లే. ఇది మూర్ఖపు సలహా కాదు. క్లౌదొర తన గదిలో కలతతో బైబిలు తెరువగా మొదటి కొరింథీ పత్రికలో, జ్ఞానులను ఘనులను కాక లోకములో ఎన్నిక లేనివారిని దేవుడు ఏర్పరచుకొనెనని చెప్పు చోటు కనబడెననియు, వేరొక గదిలో ఆయన భార్యకును ఆ చోటే కనబడెననియు ఆయనయే వ్రాసియుంచెను. వారు మాదిగలను చేర్చుకొనిరి. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చినప్పుడు ఆయన బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి చూపెను. కూడు కొరకు చేరిరనిపించుకొనకుండ ఆ కాలమున బాప్తిస్మములు ఆపెను. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

లెక్క గొప్పదని చెప్పుటకు దీనిని తేలేదు. ఊరు ఊరంతయు పశువుకు నీళ్లు త్రాగుట తగునని, మనిషికి ఆ బావి తగదని సందేహమేమియు లేక నమ్మిన కాలమది. ఎవరును దానికి రుజువు అడుగలేదు. నలుగురికిని తెలిసినదే. ఆ నలుగురిలో మాదిగవాడు లేడు. అంటరానితనము రద్దు చేయబడెనని 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము చెప్పవలసివచ్చెను. అయినను, వ్రాయుటకు సిగ్గుగా నున్నది గాని, ఒకే ప్రభువు బల్లయొద్దకు వచ్చువారము మాల సంఘమని మాదిగ సంఘమని వేరు మందిరములు కట్టుకొన్న ఊళ్లు మనకు తెలియవా? అడిగినయెడల ఏమందురు? ‘మొదటినుండి అంతే.’

ఇటలీ దేశములో ముస్సోలినీ ప్రభుత్వము 1926లో చెరలో వేసిన ఆంటోనియో గ్రాంషీ అనునాయన అక్కడ వ్రాసికొన్న నోటు పుస్తకములలో ఈ సంగతి ఎక్కువగా ఆలోచించెను. ఆయన మతస్థుడు కాడు, మన దారివాడు కాడు. కాని చెప్పినది వినదగినది. ప్రతి మనుష్యుడును తత్త్వజ్ఞుడే యనెను. అయితే జనుల సామాన్య జ్ఞానము ఒక్కనాడు పుట్టినది కాదు, ఏటి ఒండ్రువలె తాతల నాటినుండి పొరలుపొరలుగా పేరుకొన్నది. అందులో బంగారమును ఉన్నది, బురదయు ఉన్నది. ఏలువారికి అనుకూలమైనది సహా అందులో కలిసిపోయి మన స్వంత తెలివియే యని మనకు తోచును. దానిని పారవేయనక్కరలేదు, అందులోని మంచి తెలివిని కడిగి తీయవలెను అని ఆయన అభిప్రాయము.

కడుగుట ఎట్లు? రీడ్ చెప్పిన గురుతులలో ఒకదానిని మేము ఇటీవల మా పనికి వాడి చూచితిమి. అసలైన ఇంగిత సూత్రమును విడిచినయెడల నడకయే సాగదు. కన్నులను నమ్మనివాడు ఏరు దాటలేడు. మాటను నమ్మనివాడు ఎవరితోను కాపురము చేయలేడు. ఆడవారి కూలి 400 అనుదానిని విడిచినయెడల ఏమి సాగదు? గోడ లేచును. ఇటుకలు నిలుచును. మన సొమ్ము కొంచెము ఎక్కువ ఖర్చగును, అంతే. దేనిని విడిచినయెడల బ్రదుకు ఆగునో అది ఒక జాతి. దేనిని విడిచినయెడల లాభము తగ్గునో అది వేరొక జాతి. రెంటికిని మనము ఒకే పేరు పెట్టి వాడుకొనుచున్నాము.

మత్తయి 20వ అధ్యాయములోని ద్రాక్షతోట యజమానునిగూర్చి సంఘస్థులు కొందరు మమ్మును అడిగిరి. సాయంకాలము వచ్చినవానికిని ఉదయము వచ్చినవానికిని ఒకే కూలి ఇచ్చిన యజమానుడు గదా, మరి పనికి తగిన కూలి అను లెక్క ఎక్కడ? ఆ ఉపమానము కూలి చట్టము కాదని మేము ఎరుగుదుము. అయితే అందులో సణిగినవారు నిలిచినది కూడ లోకజ్ఞానము మీదనే యనుట నిజము. తక్కువ ఇచ్చుటకు ఆ కథను ఎవరును వాడుకొనలేరు గదా, అందులో ఎవనికిని తక్కువ దొరకలేదు. ఇక చట్టము సంగతి అందురా, ఒకే పనికి స్త్రీ పురుషులకు ఒకే వేతనమని 1976లోనే పార్లమెంటు చట్టము చేసినది. మా కమిటీలో ఇద్దరు రిటైరైన ఉపాధ్యాయులు గలరు. వారికి తెలియును. మాకును తెలియును. తెలిసియుండి అంకె వ్రాయునప్పుడు అది గుర్తునకు రాలేదు. నలుగురు అంత బలమైనవారు.

తరువాతి కమిటీలో మేము ఈ సంగతి ఎత్తి, కూలి మాట మాట్లాడునప్పుడు ఆ పని చేయు స్త్రీలలో ఇద్దరినైనను కూర్చుండబెట్టవలెనంటిమి. ఆడవారికి లెక్కలేమి తెలియునని ఒకరు; ఇది సంప్రదాయము కాదని మరియొకరు. చివరకు ఒప్పుకొనిరి. ఆ తల్లి వచ్చి బెంచీమీద కూర్చుండక గుమ్మము ప్రక్కనే నిలిచెను. పాస్టరుగారు తానే లేచి కుర్చీ చూపగా కూర్చుండి చెప్పినది ఇంతే:

“మేస్త్రీకి ఎక్కువ ఇవ్వండయ్యా, ఆయన చేతిలో విద్య ఉంది. మాల్ కలిపేవాళ్లకి ఎంతో మీరే చెప్పండి. ఇటుక మోసినవాళ్లకి మాత్రం ఇటుక మోసిన కూలి ఇవ్వండి. మగాళ్లూ మోశారు, మేమూ మోశాం.”

రీడ్ పండితుడు విన్నయెడల సంతోషించునని మాకు తోచెను. విద్యకును బరువునకును ఉన్న భేదమును, బరువునకును బరువునకును లేని భేదమును ఆమె మూడు మాటలలో చెప్పినది. మేము అంతవరకు ఆ భేదము చేయనే లేదు; మగవారందరు ఒక గంప, ఆడవారందరు ఒక గంప.

అయితే అందరును సమాధానపడిరని వ్రాయము. రెండెకరములు కౌలుకు చేయు ఒక సహోదరుడు, మా సంఘములో నమ్మకమైనవాడు, లేచి, “మందిరం గోడకు ఇలా ఇస్తే రేపు నాట్లకి కూడా ఇలాగే అడుగుతారు. పెద్ద రైతు తట్టుకుంటాడు. నా సంగతేమిటి?” అనెను. ఆయన స్వార్థపరుడు కాడు. కౌలు కట్టి, ఎరువు కొని, ధాన్యము ధర తనచేతిలో లేక నలుగుచున్నవాడు. ఆయనకు చెప్పుటకు మాయొద్ద సిద్ధమైన మాట లేకపోయెను. ఆయన భార్య సహా ఇతరుల పొలములో నాట్లకు పోవునని ఎవరో వెనుకనుండి అనగా, ఆయన “అదీ నిజమే” అని కూర్చుండెను. ఆ తగవు అక్కడనే ఉన్నది. ఈసారి నాట్ల కాలములో అది మరల లేచును.

చేతులెత్తించగా ఒక్క చేయి ఎక్కువతో తీర్మానము గెలిచెను. 11 మంది స్త్రీలకు 9 దినముల తేడా లెక్కవేయగా 19,800 రూపాయలు తేలినది. కోశాధికారి మారుమాట లేక ఆ మరునాడే ఇంటింటికి తిరిగి ఇచ్చి వచ్చెను. గేటుకు రంగు వేయించుటకు ఉంచిన సొమ్ము అందులో పోయినది. గేటు ఇంకను ఎర్రని తుప్పు మందు పూతతోనే యున్నది.